ఢిల్లీలో ఆఫీసు పని: గది ఎక్కడ, భోజనం ఎక్కడ?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వచ్చే నెల కేంద్ర సచివాలయం దగ్గరి కార్యాలయంలో పని ఉండి హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్నాను. గది కరోల్ బాగ్‌లో తీసుకోమని కొందరు, న్యూఢిల్లీ స్టేషన్ దగ్గర తీసుకోమని మరికొందరు అంటున్నారు. నాకు షుగర్ ఉంది కనుక వేళకు భోజనం దొరకడం చాలా ముఖ్యం. దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు:
అద్దె కంటే ముందు మెట్రో మార్గం చూడండి. న్యూఢిల్లీ నుంచి ఎల్లో లైన్‌లో సెంట్రల్ సెక్రటేరియట్ మూడో స్టేషన్ మాత్రమే. విమానాశ్రయం నుంచి వచ్చే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ కూడా న్యూఢిల్లీకే చేరుతుంది. కరోల్ బాగ్ బ్లూ లైన్‌లో ఉన్నందున రోజూ రాజీవ్ చౌక్ రద్దీలో రైలు మారవలసి వస్తుంది, పని మీద వెళ్లినవారికి ఆ అలసట అనవసరమని నా అభిప్రాయం. అయితే స్టేషన్ ఎదుటి పహాడ్‌గంజ్ సందుల్లో కిటికీ లేని గదులు కూడా ఇస్తుంటారు, కాబట్టి డబ్బు కట్టే ముందే అడిగి తెలుసుకోండి.

రెండో జవాబు:
మధ్యాహ్నం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు వెళ్లండి. బయటివారికీ ప్రవేశం ఉంది; పప్పు, కూర, సాంబారు, పెరుగుతో కడుపునిండా వడ్డిస్తారు. ఒంటిగంట దాటితే జనం పెరుగుతారు కనుక, షుగర్ ఉన్న మీరు అంతకు ముందే చేరుకోవడం మంచిది. ఆదివారం బిర్యానీ కోసం వచ్చేవారితో నిరీక్షణ ఇంకా ఎక్కువ. రాత్రికి గది దగ్గరే రొట్టె, పప్పు తినండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. గది న్యూఢిల్లీ స్టేషన్ దగ్గరే చూస్తాను.