ఒగ్గుకథ రికార్డింగ్: డోలు మోతలో కథకుడి గొంతు వినపడటం లేదు

మాది మహబూబ్‌నగర్. మొన్న ఎండాకాలంలో ఇక్కడి కళాకారులు, వీడియోలు తీసేవాళ్లు కలుసుకున్న చోట ఒక ఒగ్గుకథ బృందం పరిచయమైంది. వాళ్లు మల్లన్న కథ చెప్పాలి, నేను బొమ్మలు గీసి యానిమేషన్ చేయాలి అని అక్కడే మాటిచ్చుకున్నాం. బొమ్మలు బాగానే వస్తున్నాయి. ఇబ్బందంతా సౌండుతోనే.

బృందంలో ప్రధాన కథకుడు, వంత పాడే ఆయన, రెండు డోళ్లు, తాళాలు. ఇంటి ముందు వాకిట్లో, పొద్దున 6 గంటలకు రికార్డు చేస్తున్నాం. రికార్డర్‌లో రెండు మైకులు పెట్టుకోవచ్చు. సెట్టింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్.

మొదట 6 అడుగుల దూరంలో ఒకే మైకు పెట్టాం. డోలు దెబ్బకు లెవెల్ రికార్డర్ పట్టగలిగే హద్దు, అంటే సున్నా, దాటి శబ్దం పగిలిపోయింది. గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) తగ్గిస్తే గొంతు మరీ చిన్నగా, మైనస్ 30 డెసిబెల్స్ దగ్గరే ఉండిపోయింది. తర్వాత కథకుడికి కాలర్ మైకు పెట్టాం. ఆయన అడుగులేస్తూ చెప్తాడు కాబట్టి బట్టల రాపిడి, పైగా డోలు అందులోనూ దూరింది. చివరికి డోలు, గొంతు వేరువేరుగా తీశాం. అదైతే ప్రాణం లేనట్టే ఉంది. కథకుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో చూసి డోలు కొడతారు, విడదీస్తే ఆ పట్టు పోతోంది. అందుకే అందరినీ కలిపే తీయాలని నా పట్టుదల. పెద్దాయన మళ్లీ మళ్లీ ఓపికగా చెప్తున్నాడు, ఇంకోసారి వృథా చేయలేను.

అందరూ కలిసి పాడుతుండగానే గొంతు స్పష్టంగా రావాలంటే, ఈ రెండు మైకులను ఎవరికి ఎంత దూరంలో, ఏ దిక్కుకు తిప్పి పెట్టాలి?