"కీటకముఁ దెచ్చి భ్రమరము": పోతన కందంలోని పురుగు ఏది?

నిన్న మన సమూహంలో భ్రమరకీటన్యాయం (భ్రమరం, పురుగుల ఉపమానం) ప్రస్తావన వచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురు సభ్యులు దానికి "గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారడం" అని అర్థం రాశారు. ఈమధ్య ప్రసంగాల్లోనూ ఈ మాట తరచు వినబడుతోంది. న్యాయం చెప్పేది అది కాదు. గొంగళిపురుగు ఎవరినీ తలచుకోకుండా, ఎవరికీ భయపడకుండా తనంతట తానే సీతాకోకచిలుక అవుతుంది. ఈ న్యాయానికి రెండు ప్రాణులు కావాలి. ఒకటి రెండోదాన్ని పట్టి తేవాలి. పట్టుబడినది భయంతో దాన్నే తలచి తలచి ఆ రూపం పొందాలి. ఈ తేడా చెరిగిపోతే పోతన పద్యం రుచే పోతుంది కనుక విడిగా రాస్తున్నాను.

పద్యం పోతన భాగవతం ఏడవ స్కంధంలోది.

కీటకముఁ దెచ్చి భ్రమరము
పాటవమున బంభ్రమింప భ్రాంతంబై త
త్కీటకము భ్రమరరూపముఁ
బాటించి వహించుఁ గాదె భయయోగమునన్.

కృష్ణుణ్ణి నోరారా తిట్టిన శిశుపాలుడు చివరకు ఆయనలోనే కలిసిపోయాడు. అంత ద్వేషించినవాడికి అంత గొప్ప గతి ఎలా పట్టిందని ధర్మరాజు అడిగితే నారదుడు చెప్పిన జవాబులో ఈ కందం వస్తుంది. అందరి నోటా నానే "కామోత్కంఠత గోపికల్" కూడా ఈ జవాబులోదే.

సంస్కృత మూలం ఇది: "కీటః పేశస్కృతా రుద్ధః కుడ్యాయాం తమనుస్మరన్ / సంరంభభయయోగేన విందతే తత్స్వరూపతామ్". ఇందులో భ్రమరం అనే మాటే లేదు, పేశస్కృత్ ఉంది. పేశస్ అంటే రూపం, అలంకారం. పేశస్కృత్ అంటే రూపాన్ని కల్పించేది. మరొకటి గమనించండి: మూలంలో "కుడ్యాయాం" ఉంది, అంటే గోడ మీద. పురుగు ఎక్కడ బందీ అయిందో వ్యాసుడు చోటు చూపించి మరీ చెప్పాడు.

పోతన గోడను వదిలేశాడు. పేశస్కృత్తు స్థానంలో భ్రమరాన్ని తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో పద్యాన్ని పైకి చదివితే తెలుస్తుంది. భ్రమరము, బంభ్రమింప, భ్రాంతంబై: మూడూ భ్రమ్ అనే ఒకే ధాతువు నుంచి వచ్చినవి. తిరిగేది భ్రమరం, విడవకుండా గిరగిర తిరగడం బంభ్రమించడం, ఆ తిరుగుడు చూసి మతి తిరిగిపోవడం భ్రాంతి. పురుగు ఒళ్లు మారకముందే దాని మనసులోకి భ్రమరం శబ్దరూపంలో ప్రవేశించింది. మూలంలో లేని ఈ శబ్దక్రీడ కేవలం పోతన సొత్తు. ఇక్కడ "భ్రమరము"ను తీసి కందిరీగ అనో తుమ్మెద అనో పెట్టి చూడండి, పద్యం చప్పబడిపోతుంది.

అయితే నిఘంటువుల్లో భ్రమరం అంటే తుమ్మెద. తుమ్మెద పువ్వుల తేనె తాగుతుంది, పుప్పొడి పోగుచేసుకుంటుంది. పురుగును పట్టి తేవడం దాని పని కాదు. ఆ పని చేసేది మట్టిగూడు కట్టే కందిరీగ. మన ఇళ్ల గోడలకు, కిటికీ చట్రాలకు, తలుపు మూలలకు బుల్లి కూజా ఆకారంలో మట్టిగూళ్లు కట్టేది అదే. వ్యాసుడి "కుడ్యాయాం" సరిగ్గా దానికే సరిపోతుంది.

నేను దగ్గర కూర్చుని చూసినది చెబుతాను. సన్నని నడుము, పసుపు, ఇటుక రంగు కలిసిన ఒళ్లు. తడిమట్టి ఉండను ముంగాళ్లతో, దవడలతో పట్టుకుని వచ్చి అంచు వెంబడి పూస్తూ గోడను పైకి లేపుతుంది. మెడ కట్టడం అయ్యాక ఖాళీ గూటిలోనే ముందు ఒక గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు లోపలి కప్పుకు సన్నని దారంతో వేలాడుతూ ఉంటుంది. ఆ తరువాతే వేట. ఆకుపచ్చని సన్నని పురుగును కుట్టి, కదలకుండా చేసి, మోసుకొచ్చి మూతిలోంచి లోపలికి నెడుతుంది. అలా కొన్నిటిని నింపి, మూతి మట్టితో మూసేసి వెళ్లిపోతుంది. విరిగిపడిన గూటిలోని పురుగును గడ్డిపరకతో తాకితే ఒళ్లు కొంచెం ముడుస్తుంది. అది చచ్చిపోలేదు, పక్షవాతం వచ్చినట్టు పడి ఉంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల తాజా ఆహారం తినాలంటే పురుగు కుళ్లకూడదు కదా. ఫ్రాన్సులో ఝాన్ ఆన్రీ ఫాబ్ర్ 19వ శతాబ్దంలో ఈ వేలాడే గుడ్డును, ఈ సగం ప్రాణంతో ఉన్న పురుగులను ఎంతో ఓపికగా పరిశీలించి రాశాడు.

గోడ ముందు నిలబడిన పాతకాలపు మనిషికి కనిపించింది మూడే సంగతులు: పురుగు లోపలికి వెళ్లింది, మూతి మూసుకుంది, కొన్నాళ్లకు అక్కడి నుంచి కందిరీగ వచ్చింది. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. లోపలి గుడ్డు మాత్రం కనిపించలేదు.

ఇక ఆ కీటకం ఎవరి పిల్ల? చాలావరకు చిమ్మటల పిల్ల. ప్రపంచంలో ఇప్పటిదాకా పేరుపెట్టిన చిమ్మటలు, సీతాకోకచిలుకలు కలిపి సుమారు 1,60,000 జాతులు. వాటిలో సీతాకోకచిలుకలు 20,000 లోపే, మిగిలినవన్నీ చిమ్మటలు. వంశవృక్షం ప్రకారం సీతాకోకచిలుకలు కూడా చిమ్మటల్లోంచి చీలిన ఒక కొమ్మే. కనుక ఈ న్యాయంలో సీతాకోకచిలుకకు చోటు లేకపోయినా దాని దాయాదికి ఉంది. మన పద్యాల్లో దీపంలో పడే శలభంగానే చిమ్మటను ఎరుగుదుం, ఇక్కడ అది పిల్లప్రాయంలో కనబడింది.

అసలు నన్ను ఈ టపా రాయించిన సంగతి ఇది. కందిరీగల్లో గూడు కట్టని రకాలూ ఉన్నాయి. మన వ్యవసాయ పుస్తకాల్లో బదనికలు అంటారే, అవి. అవి బతికి తిరుగుతున్న గొంగళిపురుగు ఒంట్లోనే గుడ్లు పెడతాయి. వాటిలో కొటీసియా వంటి కొన్ని వంశాలు గుడ్లతోపాటు ఒక వైరస్‌ను కూడా ఎక్కిస్తాయి. దాని పేరు బ్రాకోవైరస్. ఇది బయటి నుంచి సోకిన జబ్బు కాదు. సుమారు 10 కోట్ల ఏళ్లుగా కందిరీగ జన్యువుల్లోనే కలిసిపోయి, దాని అండాశయంలో తయారవుతోంది. పురుగు రోగనిరోధక శక్తిని అణచి కందిరీగ గుడ్డును కాపాడడం దాని పని. ఆ పనిలో వైరస్ డీఎన్ఏ పురుగు కణాల డీఎన్ఏలో అతుక్కుంటుంది.

పట్టుపురుగు జన్యుక్రమం 2004లో, మోనార్క్ సీతాకోకచిలుకది 2011లో వెలువడ్డాయి. అలాంటి జన్యుక్రమాలను వెతికి 2015లో ఫ్రాన్స్, స్పెయిన్ శాస్త్రవేత్తలు ఒక విషయం బయటపెట్టారు. మోనార్క్‌లో, పట్టుపురుగులో, మన మొక్కజొన్న రైతులను ఏడిపిస్తున్న కత్తెర పురుగులో, దాని దగ్గరి బంధువైన మరో లద్దెపురుగులో బ్రాకోవైరస్ జన్యువుల ముక్కలు వంశపారంపర్యంగా ఉన్నాయి. వాటిలో కొన్ని అసలు కందిరీగ సొంత జన్యువులే అయి ఉండాలని వారి విశ్లేషణ. కందిరీగలు, చిమ్మటలు ఉమ్మడి పూర్వీకుడి నుంచి విడిపోయి 30 కోట్ల ఏళ్లు దాటింది. అంత దూరపు వంశాల మధ్య జన్యువులు చేతులు మారాయి. ఎప్పుడో ఒక పురుగు కందిరీగ పోటు తిని కూడా బతికి బయటపడి, రెక్కలు తొడిగి, గుడ్లు పెట్టింది. ఈ వారసత్వం దాని సంతానానిది.

భ్రమరం పోటు కీటకం వంశంలో నిలిచిపోయింది. పోతన చెప్పినది ఇదని నేను అనడం లేదు. కాని ఈ కందం చదివినప్పుడల్లా ఇది గుర్తుకు రాకుండా ఉండదు.

వ్యాఖ్య (సంస్కృతం బోధించే సభ్యురాలు): మాస్టారూ, మీ టపాకు ఒక చేర్పు. పదకొండవ స్కంధంలో అవధూత తన ఇరవై నాలుగో గురువుగా ఈ పేశస్కృత్తునే చెప్పుకున్నాడు. అక్కడి మాట: "యాతి తత్సాత్మతాం రాజన్ పూర్వరూపమసంత్యజన్". పాత రూపం వదలకుండానే దానితో ఒకటవుతుందని. శంకరుల ఆత్మబోధలో భ్రమరకీటవత్ అన్నచోట మాత్రం "పూర్వోపాధిగుణాంస్త్యజేత్" అని ఉంది, అంటే పాత ఉపాధి (శరీరం మొదలైనవి) గుణాలను వదలాలి. ఒకే న్యాయం, ఒకచోట వదలకుండా, ఒకచోట వదిలి. దీన్ని ఎలా సమన్వయిస్తారు?

జవాబు: అమ్మా, మంచి చోట పట్టుకున్నారు. అవధూత ఈ శరీరంలో ఉండగానే అని చెబుతున్నాడు, ఆత్మబోధ జీవన్ముక్తుడు విడిచిపెట్టే గుణాల సంగతి చెబుతోంది. ఉపమానం ఒకటే అయినా ఏ భాగం అవసరమో ఆ భాగమే తీసుకున్నారు. పైన చెప్పిన లద్దెపురుగుకు అవధూత మాటే నప్పుతుంది. ఒంట్లో కందిరీగ జన్యువు ఉంది, తాను మాత్రం లద్దెపురుగుగానే ఉంది. "అసంత్యజన్" అన్న మాట మీద ఇక ముందు ఎవరు పాఠం చెప్పినా నాకు ఇదే మెదులుతుంది.

వ్యాఖ్య (హిందూపురం, పట్టు రైతు కుటుంబం): మా షెడ్లలో ఈ కథ రోజూ జరుగుతుందండీ, కాకపోతే కందిరీగ బదులు ఊజీ ఈగ. పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది. అది లోపలికి దూరిన చోట నల్లమచ్చ పడుతుంది. గూడు కట్టాక ఊజీ పిల్ల గూటికి బొక్క పెట్టుకుని బయటికి వస్తుంది. బొక్కపడిన గూడు దారం తీయడానికి పనికిరాదు. అందుకే కిటికీలకు వలలు కడతాం. పట్టుపురుగు నుంచి ఈగ పుట్టిందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు గాని, మొదటిసారి చూసిన పిల్లలు మాత్రం అలాగే అడుగుతారు.

జవాబు: ఆ పిల్లల ప్రశ్న నుంచే ఈ న్యాయం పుట్టి ఉంటుంది. నల్లమచ్చ సంగతి చెప్పినందుకు కృతజ్ఞతలండీ, పుస్తకాల్లో ఇంత దగ్గరగా దొరకదు.

వ్యాఖ్య: అయితే జన్యువుల మార్పిడి మన పూర్వులకు ముందే తెలుసన్నమాట!

జవాబు: అలా అనవద్దండీ. వారికి తెలిసినది గోడ మీది గూడు, అందులోకి వెళ్లిన పురుగు, బయటికి వచ్చిన కందిరీగ. దాన్ని మనసు గురించి చెప్పడానికి వాడుకున్నారు. దేన్ని ఎడతెగక తలచుకుంటే మనిషి అది అవుతాడన్నది పద్యం చెప్పే సత్యం, దానికి ప్రయోగశాల సాక్ష్యం అక్కరలేదు. పద్యం మీద లేని భారం మోపితే రేపు ఎవరో దాన్ని కాదని తేల్చి, పద్యాన్నే తోసిపుచ్చుతారు.

వ్యాఖ్య (వ్యవసాయ శాఖలో పనిచేసిన సభ్యుడు): చెరకు పీకపురుగుకు, వరి కాండం తొలుచు పురుగుకు మేము ఇచ్చే ట్రైకో కార్డులు కూడా ఇదే కోవకు చెందుతాయి. బియ్యపు చిమ్మట గుడ్లను అట్టకు అతికించి, వాటిలో ట్రైకోగ్రామా అనే అతి చిన్న కందిరీగ చేత గుడ్లు పెట్టిస్తారు. చిమ్మట గుడ్డు నల్లబడుతుంది, అందులోంచి కందిరీగ వస్తుంది. ఒక కార్డు మీద సుమారు 20,000 గుడ్లు. కార్డు కట్టిన వారంలోనే పురుగుమందు కొట్టిన రైతులను చూశాను. పురుగు కంటే ముందు మన కందిరీగ చస్తుంది. మీరు చెప్పిన కొత్త జన్యువుల వల్ల పురుగుకు ఏమైనా లాభం ఉందా?

జవాబు: ఉన్నట్టే కనబడుతోంది. అలా చేరిన వాటిలో రెండు జన్యువులు పురుగులను చంపే బాక్యులోవైరస్ నుంచి పురుగును కాపాడవచ్చని 2015 నాటి పరిశోధన సూచించింది. మీరు లద్దెపురుగుకు, శనగపచ్చ పురుగుకు చల్లించే ఎన్‌పీవీ ద్రావణంలో ఉండేది ఆ బాక్యులోవైరస్సే. 2021లో ఇంకో మెట్టు తెలిసింది: కొన్ని చిమ్మటల్లో, వాటికి సోకే కొన్ని వైరస్‌లలో బదనిక పిల్లను చంపే ప్రోటీన్లకు జన్యువులు ఉన్నాయి. కొటీసియా పిల్ల పురుగు ఒంట్లోనే చస్తుంది. అందుకే ఒక్క రకం బదనిక మీదే ఆధారపడకుండా పొలంగట్ల మీద పూలమొక్కలు, రకరకాల కందిరీగలు బతకనివ్వడం ముఖ్యమని నా గట్టి అభిప్రాయం.

వ్యాఖ్య: మరి గొంగళి సీతాకోకచిలుక కావడానికి మనకు న్యాయమేదీ లేదా? అక్కడ ఏం జరుగుతుంది?

జవాబు: నాకు తెలిసిన న్యాయాల్లో లేదు. ఎవరికైనా ప్రయోగం తెలిస్తే పెట్టండి. జరిగేది క్లుప్తంగా: జన్యువులు మారవు, వాటిలో ఏవి పనిచేయాలన్నది మారుతుంది. పురుగు దశను నిలబెట్టేది చిన్మో అనే జన్యువు, ప్యూపా దశను నడిపేది బ్రాడ్, రెక్కల దశను తెచ్చేది ఇ93. ఒకదాని పని ముగిస్తే ఇంకొకదాని పని మొదలవుతుంది.

వ్యాఖ్య: మా కిటికీ చట్రానికి అలాంటి మట్టిగూళ్లు ఉన్నాయండీ. వచ్చే వారం రంగులు వేసేవాళ్లు వస్తున్నారు. గీకించేయనా?

జవాబు: ముందు గూటికి పక్కన గుండ్రని చిల్లు ఉందేమో చూడండమ్మా. చిల్లు ఉంటే లోపలిది ఎగిరిపోయింది, నిశ్చింతగా గీకించవచ్చు. అంతా మూసి ఉంటే ఆ ఒక్క చట్రాన్ని చివరికి వదిలి, కొన్ని వారాలు ఆగి రంగు వేయించండి. ఇవి గుంపుగా ఉండే కందిరీగలు కావు, చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టవు.