41 పుస్తకాలు చదివాను, 5 కథలు రాశాను. రాసేటప్పుడు చదవడం ఆపేయాలా?

నౌపడా ప్యాసింజర్ (డిసెంబర్ 28, రాత్రి 11:40)

అందరికీ నమస్కారం. నాకు 24 ఏళ్లు. ఊరు పలాస పక్కన. విశాఖలో నైట్ షిఫ్ట్ ఉద్యోగం, మధురవాడలో ముగ్గురం కలిసి ఒక గదిలో ఉంటాం. కథలు రాస్తానని ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఇక్కడ రెండేళ్లుగా చదివి వెళ్లిపోవడమే, పోస్టు పెట్టడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

జనవరిలో ఒక పొడుగాటి లెడ్జర్ కొన్నాను. మా అమ్మ జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్లిన రోజుల్లో అలాంటి దాంట్లోనే ఏ రోజు ఎన్ని కిలోలో రాసుకునేది, వారం చివర మేస్త్రి లెక్కతో సరిచూసుకోవడానికి. (తేడా వచ్చేది. ఎప్పుడూ ఒకవైపుకే వచ్చేది.) నేను ఎడమ పేజీలో చదివినవి, కుడి పేజీలో రాసినవి పెట్టుకున్నాను. నిన్న కూడితే ఎడమ పక్క 41, కుడి పక్క 5.

ఆ 41 చూసి మురిసిపోదామంటే మనసొప్పడం లేదు. ఆగస్టు నుంచి నాకు లెక్క పిచ్చి పట్టింది. ఎనభై పేజీల పుస్తకాలే ఏరుకున్నాను. ఒక లావు నవల 212వ పేజీలో వదిలేశాను, అది పూర్తి చేస్తే నెలకి ఒక్కటే అవుతుందని. రైల్లో ఇంటికి వెళ్లేటప్పుడు ఒక కథని నాలుగుసార్లు చదివాను. అది లెడ్జర్‌లో లేదు, ఎందుకంటే కథ ఒక్కటీ పుస్తకం కాదు కదా!

ఇక 5 సంగతి. ఒకటి అచ్చైంది. ఒకదాన్ని సగానికి తగ్గించమన్నారు, తగ్గించి పంపాను, అయినా వేయలేదు. రెండింటికి జవాబే లేదు. ఐదోది ఎవరికీ చూపించలేదు. ఇవి వరసగా చదువుకుంటే ఏ నెలలో ఎవరిని చదువుతున్నానో చెప్పేయొచ్చు. ఒకరిని చదివితే పదిహేను రోజులు నా వాక్యం వాళ్లలాగే నడుస్తుంది. మార్చిలో చిన్న చిన్న వాక్యాలు. జూన్‌లో పేజీకి ఒకే వాక్యం.

నవంబర్‌లో ఇంటికి వెళ్లినప్పుడు అచ్చైన కథ అమ్మకి చదివి వినిపించాను. అందులో పిక్కలు కొట్టే ఆవిడ సాయంత్రం ఇంటికొచ్చి, చెంబుతో నీళ్లు ముంచుకుని చేతులు కడుక్కుని, బిడ్డకి అన్నం కలిపి ముద్దలు పెడుతుంది. నాకు బాగా ఇష్టమైన పేరా. అమ్మ చాటలో బియ్యం ఏరుతూ వింటోంది. అక్కడ చెయ్యి ఆగింది.

"ఏట్రా, నీల్లతో కడిగితే జీడి పోద్దేటి?"

అని మళ్లీ ఏరుకుంది. అంతే విమర్శ.

ఆ సంగతి నాకు తెలియక కాదు. పిక్క తొక్కలోంచి కారే జీడి చేతికి నల్లగా పట్టేస్తే కడిగితే పోదు, పాత తోలు ఊడి కొత్త తోలు వస్తేనే పోతుంది. పనిలో కూర్చునే ముందు అమ్మ చేతులకి నూనె రాసుకుని బూడిద అద్దుకునేది, అయినా వేళ్ల సందుల్లో పట్టేది. అందుకే చిన్నప్పుడు నాకు అన్నం నాయనమ్మే పెట్టింది. అమ్మ చేతి ముద్ద నేను తిన్నది కాదు, ఎక్కడో చదివింది. అదే నా కథలోకి వచ్చి కూర్చుంది, నేను గమనించనే లేదు.

2018లో మా వైపు వచ్చిన తిత్లీ తుఫాను మీద ఒకటి రాయాలని నాలుగుసార్లు మొదలుపెట్టాను. నాలుగూ ఆకాశంలో నల్ల మబ్బులతోనే మొదలయ్యాయి. అప్పుడు నేను ఇంటర్లో ఉన్నాను, కళ్లారా చూశాను, అయినా అంతే.

రాసే రోజుల్లో మీరు చదవడం ఆపేస్తారా? వచ్చే ఏడాది మొదటి మూడు నెలలు పుస్తకం ముట్టకూడదని అనుకుంటున్నాను.


సగం చదివిన నవల (డిసెంబర్ 29, ఉదయం 7:15)

తమ్ముడూ, నేను సరిగ్గా ఈ పనే చేశాను. రెండేళ్ల కింద మూడు నెలలు చదవడం బంద్ పెట్టాను, నా గొంతు నాకు దొరుకుతుందని. రాసింది సున్నా. రీల్స్ మాత్రం బాగా చూశాను.

నీ 212వ పేజీ నవల ఏంటో చెప్పొద్దులే, నేను అదే అనుకుంటున్నాను, నేనూ అక్కడే ఆగాను. మొన్న హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో కొన్న సంచీ ఇంకా విప్పనే లేదు. నీది చాలా నయం.


గంటస్తంభం టీచర్ (డిసెంబర్ 29, సాయంత్రం 4:30)

బాబూ, విజయనగరంలో ఇరవై ఏడేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. చదవడం మానకు. ఒకరిని చదివినప్పుడు వాళ్ల నడక అంటుకోవడం జబ్బేం కాదు. ఒక్కరినే చదివితే చిక్కు, నలభై మందిని చదివితే ఒకరినొకరు తన్నుకుని పోతారు.

నేను పదో తరగతి పిల్లలతో ఒక పని చేయించేదాన్ని. మా ఊరి గురజాడ 'దిద్దుబాటు' 1910లో ఆంధ్రభారతిలో వాడుక మాటల్లో వచ్చింది. అదే కథకి గ్రాంథికంలో 'కమలిని' అని ఇంకో రూపం ఉంది. రెండూ పక్కపక్కన పెట్టించి, ఏ వాక్యం ఎక్కడ బిగుసుకుపోయిందో గీత గీయమనేదాన్ని. కథ ఒకటే, మనుషులూ వాళ్లే, కానీ ఒకదాంట్లో ఆ మొగుడు గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నట్టు ఉంటుంది, ఇంకోదాంట్లో వేదికెక్కినట్టు ఉంటుంది. అది పట్టుకోవడానికి పిల్లలకి పట్టుమని పావుగంట పట్టేది కాదు. నీ ఐదు కథల మీదా ఆ పెన్సిలు పెట్టు. మీ అమ్మ ఒక చోట పెట్టేసింది, మిగతావి నువ్వు చూసుకో.

అచ్చులో వచ్చేసిన తప్పుకి సిగ్గుపడకు. కానీ ఆ ముద్ద సంగతి ఇక్కడ రెండు వాక్యాల్లో చెప్పావు చూడు, నాయనమ్మ పెట్టిందని, అది నీ కథలో ఎందుకు లేదయ్యా? నాకు కోపమొచ్చింది.

తిత్లీ సంగతి ఒక్కటి అడుగుతాను. మబ్బులు వద్దు, గాలీ వద్దు. మర్నాడు మీ ఇంట్లో ఏం తాగారు?


ఆమదాలవలస అన్న (డిసెంబర్ 29, రాత్రి 9:05)

టీచర్ గారు చెప్పాక నేను చెప్పేదేముంది. ఒక్కటే, నువ్వు ఇంటికి వెళ్లే రైలు శ్రీకాకుళం రోడ్డులో ఆగుతుంది కదా, ఒకసారి దిగిపో. అక్కణ్నుంచి ఊళ్లోకి బస్సులు, ఆటోలు బోలెడు. తెలుగు కథల లైబ్రరీ కథానిలయం చూసి రా. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) అవార్డులకి వచ్చిన డబ్బు పెట్టి 1997లో మొదలెట్టారు. 1995లో ఆయనకి సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన పుస్తకం 'యజ్ఞంతో తొమ్మిది', పేరులోనే లెక్క ఉంది. లెక్కల మాస్టారే మరి! అంత చేయి తిరిగిన ఆయన మధ్యలో ఏళ్ల తరబడి కథ రాయకుండా ఉన్నారు. తర్వాత ఊళ్లు తిరిగి వేరేవాళ్ల కథలు పోగేశారు. ఆ బీరువాల ముందు నిలబడితే నీ 41 కాదు కదా, నా వెయ్యి కూడా ఆనదు. పాత పత్రికల్లో ఒకే ఒక్క కథ రాసి కనపడకుండా పోయినవాళ్లు ఎంతమందో. నేను వెళ్లిన రోజు వాళ్ల పేర్లే చదువుతూ మధ్యాహ్నం భోజనం మర్చిపోయాను.


డాలస్ సోంపేట (డిసెంబర్ 30, ఉదయం 8:20)

నాది సోంపేట, ఇక్కడికొచ్చి పదకొండేళ్లు. కథలు రాయను, చదువుతాను. రాసేవాళ్లకి ఒక పాఠకుడి మాట: జీడి కడిగితే పోదని నాకూ తెలుసు, మా పిన్ని చేతులు అలాగే ఉండేవి. నీ కథలో ఆ పేరా దగ్గర నేనూ ఆగిపోయేవాణ్ని. కానీ నీకు ఉత్తరం రాసేవాణ్ని కాదు, మూసేసి ఇంకోటి తెరిచేవాణ్ని. మీ అమ్మకి చదివి వినిపించడం మానకు.


నౌపడా ప్యాసింజర్ (డిసెంబర్ 31, మధ్యాహ్నం 2:10)

అందరికీ దండాలు. రెండు రోజుల సెలవు దొరికితే ఇంటికొచ్చేశాను. మేడమ్, మీ ప్రశ్న రైల్లో కోటబొమ్మాళి దాటేదాకా ఆలోచించాను, నాకు గుర్తొచ్చింది కొబ్బరి బొండాలు. కరెంటు లేదు, మోటార్లు లేవు, బోరింగు దగ్గర కొట్లాటలు. పడిపోయిన చెట్ల కింద బొండాలు గుట్టలుగా ఉన్నాయి. వీధి వీధంతా అవే తాగాం. మూడు రోజులనుకుంటున్నాను. అమ్మని అడిగితే "తొమ్మిది రోజులు" అంది. నాకు మొహం వాచిందట, నాకే గుర్తులేదు. అమ్మ ఆ తర్వాత మళ్లీ బొండం తాగడం నేను చూడలేదు. ఇన్నేళ్లలో ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

అంత కచ్చితంగా తొమ్మిది అని ఎలా చెప్పావంటే అటక మీంచి పాత లెడ్జర్ దించమంది. 2018 అక్టోబర్. 10వ తేదీ దాకా కిలోలు ఉన్నాయి: 7, 6న్నర, 8. 11 నుంచి తేదీలు వరసగా ఉన్నాయి, వాటి పక్కన ఏమీ లేదు. పని లేనప్పుడు తేదీ ఎందుకు వేశావని అడిగాను. మేస్త్రి రోజూ 'రేపు తెరుస్తాం' అనేవాడట, రోజూ పొద్దున్నే గేటు దాకా నడిచి వెళ్లి వచ్చేదట. వెళ్లినందుకు తేదీ. అలా మూడు పేజీలు ఉన్నాయి. నాలుగో పేజీలో 3 కిలోలు అని ఉంది, పెన్ను రంగు మారింది.

ఫొటోలు తీస్తుంటే "ఆ చెదలు పట్టిన పుస్తకం ఎందుకురా, దులిపి అటకెక్కించు" అంది. ఇంకా ఎక్కించలేదు. ఆమదాలవలస అన్నా, వెళ్లేటప్పుడు దిగుతాను, ఆదివారం తెరిచి ఉంటుందా?