‘హంతకులు మీరు!’: లాపిజ్ కేకను తెలుగులో ఎలా రాయాలి?

ప్రశ్న: సైకిల్ పందేల మీద ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. 1910 టూర్ ద ఫ్రాన్స్‌లో ఒక్టావ్ లాపిజ్ నిర్వాహకులను ‘అసాసిన్స్’ అని తిట్టాడట. ‘గుప్తహంతకులు’ అని రాస్తే అతకడం లేదు. ‘మమ్మల్ని చంపుకు తింటున్నారు’ అనవచ్చా?

జవాబు: ముందు ‘గుప్త’ తీసేయండి. చాటుగా చంపడం, రాజకీయ హత్య అన్న ఛాయ ఇంగ్లీషు మాటకు ఉంది. లాపిజ్ అరిచింది ఫ్రెంచిలో, అక్కడ ఆ మాటకు హంతకుడనే అర్థం.

‘చంపుకు తింటున్నారు’ చక్కటి పలుకుబడే కానీ, అల్లరి పిల్లల మీద అమ్మ విసుక్కునే మాట అది. ఇక్కడ సంగతి వేరు. జూలై 21న లుషాన్ నుంచి బయోన్‌కు 326 కిలోమీటర్లు తొక్కాలి. దారిలో పెయిరెసూర్ద్, ఆస్పాన్, టూర్మలే, ఓబిస్క్ కనుమలు. పిరనీస్ పర్వతాల్లోని ఈ పెద్ద కనుమలను పందెంలో చేర్చడం ఆ ఏడాదే మొదలు. రోడ్లు చూస్తే మట్టీ రాళ్ళూ. తొక్కుతూ గేరు మార్చే సాధనాలకు ఆ పందెంలో అనుమతి లేదు. నిర్వాహకుల తరఫున దారి చూడడానికి ముందే వెళ్ళిన ఆల్ఫోన్స్ స్టెయినెస్ టూర్మలే మీద రాత్రివేళ మంచులో చిక్కుకుని, ఎలాగో బయటపడి, ‘రోడ్డు చాలా బాగుంది’ అని పారిస్‌కు తంతి పంపాడు! ఆ తంతి సంగతి తెలిశాక లాపిజ్ మాట నాకు అతిశయోక్తిగా తోచలేదు. ఓబిస్క్ మీద నిర్వాహకుల మనుషులు కనబడగానే అతను అన్నది ఫిర్యాదు కాదు, నేరారోపణ. కాబట్టి ‘హంతకులు’ ఉండాల్సిందే.

మరో సభ్యురాలు: ‘మీరు హంతకులు’ అంటే కోర్టు తీర్పులా ఉందండీ. ‘హంతకులారా!’ అంటే నాటకంలో పద్యం ఎత్తుకోబోతున్నట్టుంది.

జవాబు: నిజమే. క్రియ లేని వాక్యంలో మాటల వరుస మారిస్తే చాలు, ‘హంతకులు మీరు!’ అనండి. మాట ముందుకొస్తే కోపమూ ముందుకొస్తుంది. ‘మీరు’ గౌరవమేమో అన్న బెంగ వద్దు, ఎదుట ఉన్నది ఒక్కరు కాదు.

ప్రశ్న అడిగినవారు: అలసిపోయినవాడి గొణుగుడుగా తేలిక చేయవచ్చు కదా?

జవాబు: చేయకండి. ఆ తిట్టు తిట్టి, మళ్ళీ సైకిలెక్కి ఆ రోజు గెలిచింది కూడా అతనే. చివరికి రెండో స్థానంలో నిలిచిన ఫ్రాన్స్వా ఫాబెర్ కన్నా నాలుగే పాయింట్ల తేడాతో మొత్తం పందెం గెలిచాడు. 1909 నుంచి 1911 దాకా వరుసగా మూడుసార్లు పారిస్–రూబే అనే ఒక్కరోజు పందెం అతనిదే. మళ్ళీ వరుసగా మూడు గెలిచినవాడు 1980 దాకా లేడు. 1911 నుంచి మూడేళ్ళు ఫ్రాన్స్ జాతీయ విజేత. అయితే టూర్‌ను అతను చివరిదాకా తొక్కింది 1910లో మాత్రమే, మిగిలిన అన్నిసార్లూ మధ్యలో మానేశాడు. ఓర్చుకుని నోరు మూసుకునే రకం కాదన్నమాట. 1917 జూలై 14న, ఫ్రాన్స్ జాతీయ దినోత్సవం నాడే, యుద్ధ విమానం నడుపుతూ శత్రువుల కాల్పుల్లో పోయాడు. ఫాబెర్ అంతకు రెండేళ్ళ ముందే యుద్ధంలో చనిపోయాడు.

పేరు ‘లాపిజ్’ అనే ఉంచండి. ఇంగ్లీషు వర్ణక్రమం చూసి ‘లాపైజ్’ అని రాయకండి.