పైథాన్‌లో ‘మహబూబ్‌నగర్’ రెండు ముక్కలవుతోంది, ఏం చేయాలి?

మిర్యాలగూడలో ధాన్యం లారీల చిట్టాలు టైపు చేసి పెట్టుకున్నాను. వాటిలోంచి ఊళ్ల పేర్లు ఏరడానికి ప్రోగ్రామింగ్ భాష అయిన పైథాన్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే పదాలను వెతికే నమూనా, రాస్తున్నాను.

మొదట బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, ప్లస్ వాడాను (వరుసగా వచ్చే అక్షరాలను, అంకెలను పట్టే గుర్తు). ‘నల్గొండ’ కాస్తా ‘నల’, ‘గ’, ‘డ’ అయింది! గుణింతం గుర్తులను, పొల్లును, సున్నాను అది అక్షరాలుగా లెక్కించదట. తెలుగు రాయడమే ఆ గుర్తులతో కదా!

తర్వాత యూనికోడ్‌లో (అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రమాణం) తెలుగుకు కేటాయించిన 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు చదరపు బ్రాకెట్లలో ఇచ్చాను. నల్గొండ, దేవరకొండ చక్కగా దొరికాయి. ‘మహబూబ్‌నగర్’ మాత్రం ‘మహబూబ్’, ‘నగర్’గా విడిపోతోంది. పొల్లు తర్వాత కంటికి కనిపించని 200సీ అక్షరం (తర్వాతి అక్షరం వత్తుగా కలవకుండా ఆపేది) ఉంది. కొన్ని చిట్టాల్లో అదీ లేదు, బకు నావత్తు పడింది.

200సీని బ్రాకెట్లలో చేర్చాలా, లేక ముందే పాఠంలోంచి తీసేయాలా? తీసేస్తే మిగతా పదాల్లో ఏమైనా తేడా వస్తుందా? అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.