చెన్నైలో బ్రీడింగ్‌కి ఆరోగ్యమైన ర్యాట్లు (చిట్టెలుకల కంటే పెద్ద ఎలుకలు) ఎక్కడ దొరుకుతాయి?

నా దగ్గర కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించిన బాల్ పైథాన్ (ఒక రకం కొండచిలువ) ఉంది. రెండేళ్ల వయసు, 900 గ్రాముల బరువు. ఇన్నాళ్లూ చిట్టెలుకలు పెట్టాను, ఇప్పుడు దానికి అవి చాలట్లేదు. అందుకే ఒక మగ, రెండు ఆడ ర్యాట్లతో ఇంట్లోనే మేత పెంచుదామనుకుంటున్నాను.

పల్లావరం శుక్రవారం సంతలో అడిగితే చిట్టెలుకలు, హ్యామ్‌స్టర్లే చూపించారు. చివరికి ఒక పెట్ షాపులో దొరికిన జత తెచ్చాను. నాలుగో రోజుకే తుమ్ములు, కళ్ల చుట్టూ ఎర్రగా ఎండిన స్రావం. చెవి దగ్గర పెట్టుకుంటే ఊపిరి తీసినప్పుడల్లా టిక్ టిక్‌మని శబ్దం. రంపపు పొట్టు తీసేసి కాగితం ముక్కలు పరిచాను, గాలి ఆడే చోటికి మార్చాను, అయినా తగ్గలేదు. డాక్టర్ మైకోప్లాస్మా (ఊపిరితిత్తులకు సోకే బ్యాక్టీరియా) అన్నారు. మందులతో అణిగినా పూర్తిగా పోదట, పిల్లలకీ అంటుతుందట. పాపం, వాటికి మందులు వాడుతున్నాను కానీ బ్రీడింగ్‌కి మాత్రం వాడను.

ల్యాబ్‌లకు ఎలుకలు పంపేవాళ్లు రిజిస్టరైన సంస్థలకే అమ్ముతామన్నారు. వీధి ఎలుకల సలహా దయచేసి వద్దు, ఎలుకల మందు తిన్నవైతే పాము ప్రాణానికే ముప్పు. గర్భానికి 21 నుంచి 23 రోజులు, పిల్లలు పాలు మానడానికి మరో మూడు వారాలు పడుతుంది కాబట్టి ఆలస్యమయ్యేకొద్దీ టెన్షన్‌గా ఉంది.

చెన్నైలోగానీ, నేనే వెళ్లి తెచ్చుకునేలా బెంగళూరులోగానీ, తుమ్ములు లేని, వయసు తెలిసిన ర్యాట్లు అమ్మే పెంపకందారులు ఎక్కడున్నారో స్వయంగా కొన్నవాళ్లు ఎవరైనా చెప్పగలరా?