అప్‌డేట్: క్రీమ్ ఆఫ్‌వైటా, బూడిద ఆఫ్‌వైటా? తేలింది

ఉత్తరం కిటికీ ఒక్కటే ఉన్న గది గోడలకు ఈ రెండు రంగుల్లో ఏది బాగుంటుందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను, క్రీమ్ ఖాయం చేశాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పని చేసింది బోర్డు చిట్కా. రెండడుగుల తెల్ల బోర్డు మీద చుట్టూ రెండంగుళాలు వదిలి రెండు కోట్లు వేసి, బాగా ఆరాక ఒక్కో గోడకూ ఆనించి చూడాలి. పాత పసుపు గోడ మీదే నేరుగా ప్యాచ్ వేస్తే రెండూ నీలంగా కొట్టాయి, అది పక్క రంగు చేసే మాయ. బోర్డు మీద అసలు సంగతి బయటపడింది: బూడిదది మబ్బు వెలుతురులో, ముఖ్యంగా మూలల్లో, లేత ఊదాగా తేలింది. 6500కె (కెల్విన్, వెలుతురు రంగు కొలత; అంకె పెరిగే కొద్దీ వెలుతురు నీలం వైపు చల్లబడుతుంది) ట్యూబ్‌లైటు కిందైతే మరీ చల్లగా, ఆసుపత్రి గోడలా! వెచ్చటి వెలుతురిచ్చే 3000కె బల్బులు పెట్టినా క్రీమ్ మరీ పసుపెక్కకుండా నిలిచింది.

ఎల్‌ఆర్‌వీ (రంగు ఎంత వెలుతురును తిరిగి పంపుతుందో చెప్పే అంకె) తేడా, ఒకదానికి 74, ఇంకోదానికి 76, కంటికి ఆననే లేదు.